నిజాము ఇంటి కోడలు

ఆసఫ్‌జాహీ వంశంలో పట్టాభిషిక్తుడైన ముకర్రం జా హైదరాబాదులో పుట్టలేదు. 1933 అక్టోబరు 6వ తేదీన ఫ్రాన్సు దేశపు సముద్రతీర నగరమైన నీస్‌లో జన్మించాడు. తల్లి దుర్రె షెహ్వార్ తుర్కీ రాచబిడ్డ. 1924లో పదవినీ స్వదేశాన్నీ ఏకకాలంలో కోల్పోయి, ఆ నగరంలో తలదాచుకున్న చివరి ఖలీఫాకు కుమార్తె. తండ్రి ఆజం జా ఏడవ నిజాము పెద్దకుమారుడు. ఈ విధంగా ఒక తాత సర్వస్వం పోగొట్టుకున్నవాడు, మరొక తాత ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ఖ్యాతి గాంచినవాడు. మనుమడి జీవితంలో ఇద్దరి జాతకాలూ కలిసినట్లు కనిపిస్తుంది.

డెహ్రాడూన్‌లోనూ, ఇంగ్లండులోని హారో, కేంబ్రిడ్జి విద్యాలయాలలోనూ చదివి, శాండ్‌హర్స్ట్‌లో సైనిక శిక్షణ పొందిన ఈ యువరాజుకు దర్బారు మర్యాదలకన్న యంత్రాలమీదనే మక్కువ. చేతులకు నూనె మరక అంటేలా ఇంజన్లు విప్పి బిగించడం ఆయనకు ఇష్టమైన వినోదం.

1959లో లండన్‌లో ఆయన ఎస్రా బిర్గెన్ అనే తుర్కీ యువతిని వివాహమాడాడు. ఆమె ఇస్తాంబూలులో పుట్టింది. వాస్తుశిల్పం చదువుకుంటున్న విద్యార్థిని. రాజవంశంతో సంబంధం లేదు. ఆ చదువు ముందుముందు ఎంత అక్కరకు వస్తుందో ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

ఆజం జాను కాదని ఉస్మాన్ అలీఖాన్ మనుమడినే వారసుడుగా ఎంచుకున్నాడు. 1967 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూయగా, ఏప్రిల్‌లో చౌమహల్లా ప్రాసాదంలో ముకర్రం జాకు పట్టాభిషేకం జరిగింది. అప్పటికి రాజ్యం లేదు. మిగిలినది బరువు మాత్రమే. నౌకర్లు, ఆశ్రితులు, తాత సంతతివారు కలిసి పధ్నాలుగు వేలకు పైబడిన జనం ఆ ఇంటిమీద ఆధారపడి ఉన్నారు. వారసత్వపు వ్యాజ్యాలు కోర్టులకెక్కాయి. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. నూనూగు మీసాలనాడే యంత్రాలతో చెలిమి చేసినవాడు ఈ కాగితాల అడవిలో ఎంతకాలం నిలువగలడు?

నిలువలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో మర్చిసన్ హౌస్ అనే విశాలమైన గొర్రెల క్షేత్రాన్ని కొని, బుల్‌డోజరు తానే నడుపుకుంటూ అక్కడ స్థిరపడ్డాడు. ఆ ఎడారి జీవితం ఎస్రాకు ఒప్పలేదు. ఒక కొడుకు, ఒక కూతురు కలిగిన తరువాత 1974లో దంపతులు విడిపోయారు. ఆయన ఆపైన మరి నాలుగుసార్లు పెళ్లాడాడు. అప్పుల వాళ్లు చుట్టుముట్టగా 1996లో ఆస్ట్రేలియా సైతం విడిచి తుర్కీ చేరి, సామాన్యుడిలా కాలం గడిపాడు.

ఇక్కడ హైదరాబాదులో ప్రాసాదాలు పాడుపడసాగాయి. తలుపులు బిగించిన చౌమహల్లాలో దూలాలు కుళ్లాయి, పైకప్పులు కురిశాయి, విలువైన వస్తువులు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

అప్పుడు ముకర్రం జా ఆశ్రయించినది ఎవరిని? ఏనాడో విడాకులిచ్చిన ఎస్రానే! వ్యవహారాలు చక్కబెట్టే అధికారం ఆమెకు వ్రాసియిచ్చాడు. రెండు దశాబ్దాలకు పైగా గడిచాక ఆమె తిరిగి హైదరాబాదులో అడుగుపెట్టింది. నిజాముల ఆభరణాలను భారత ప్రభుత్వం 1995లోనే 218 కోట్ల రూపాయలకు కొన్నది. అయితే ఆ పైకంలో వాటాలు తేలక వారసులు తగవులాడుతూనే ఉన్నారు. ఎస్రా న్యాయవాదులను కూర్చుకొని వేలకొద్దీ హక్కుదారులతో రాజీ కుదిర్చింది. రాహుల్ మెహరోత్రా అనే వాస్తుశిల్పితో చౌమహల్లా మరమ్మతులు సాగించింది. 2010లో ఆ పనికి యునెస్కో పురస్కారం లభించింది. అదే సంవత్సరం ఫలక్‌నుమా తాజ్ సంస్థవారి హోటలుగా తలుపులు తెరిచింది. పని తెలిసిన మనిషికి పరంపర తోడు లేకపోయినా కొదువేమున్నది!

2023 జనవరి 14న ముకర్రం జా ఇస్తాంబూలులో మరణించాడు. భౌతికకాయాన్ని హైదరాబాదుకు తెచ్చి, ప్రజల దర్శనార్థం చౌమహల్లాలోనే ఉంచారు. యాభయ్యారేళ్ల క్రిందట ఆయన పట్టం కట్టుకున్న ఆ ప్రాసాదంలో షాండిలియర్లు మళ్లీ వెలుగుతున్నాయి. జనం బారులు తీరి చూసి వెళ్లారు. 18వ తేదీన మక్కా మసీదు ఆవరణలో, పూర్వులైన నిజాముల సమాధుల వరుసలోనే ఆయనను ఖననం చేశారు.