గజం జాగాలో గ్రహాంతర కయ్యం

యుద్ధం, సమరం, సంగ్రామం, రణం, ఆహవం, ఆజి: పెద్దపోరుకు మన భాషలో పర్యాయపదాలకు కొదువ లేదు. కానీ పదిమంది ఇటు, పదిమంది అటు నిలిచి ఒక పాడుబడిన గోదాము కోసం కలబడితే దానినేమనాలి? ఇంగ్లీషువారు స్కిర్మిష్ అంటారు. మనకు ‘కయ్యం’ ఉండనే ఉంది. మనవడు కొత్తగా పట్టుకొచ్చిన బొమ్మల ఆటకు నేను ఈ పేరే ఖాయం చేశాను.

ఆట అసలు పేరు స్టార్‌గ్రేవ్. జోసెఫ్ ఎ. మెకల్లా రచించగా బ్రిటన్‌లోని ఆస్ప్రే సంస్థ 2021లో ప్రచురించింది. మహాయుద్ధమొకటి ముగిసి నక్షత్రమండలమంతా శిథిలమైపోయిన కాలం. దిక్కులేని ఓడల్లో తిరిగే చిన్న చిన్న ముఠాలు. ముఠాకొక కెప్టెన్, ఒక ఫస్ట్ మేట్, వారి వెంట ఎనిమిదిమంది దాకా కిరాయి భటులు. గజం పొడవు, గజం వెడల్పు ఉన్న బల్ల చాలు. అట్టపెట్టెలు భవనాలు, థర్మోకోల్ ముక్కలు గుట్టలు. ఎదుటివారిని చంపడం ఇందులో ప్రధానం కాదు. బల్లమీద అక్కడక్కడ ఉన్న కొల్లసొమ్మును పట్టుకుని బయటపడడమే పని. ఈ ఒక్క నియమం వల్ల ఆట స్వభావమే మారిపోయింది. ఎవరిని కొట్టాలన్నది కాక ఎవరిని వదిలిపెట్టి పరుగెత్తాలన్నది ప్రశ్న అవుతుంది.

ఈ విద్యలోకి కొత్తగా దిగేవారికి నేను దీనినే ఎందుకు సూచిస్తానో చెబుతాను. ఫలానా బొమ్మలే కొనాలన్న నిర్బంధం ఈ పుస్తకంలో లేదు. సుమారు 28 మిల్లీమీటర్ల కొలతవి ఏవైనా సరే. ఈ రంగంలో మహాసామ్రాజ్యమైన గేమ్స్ వర్క్‌షాప్ వారి పద్ధతి వేరు. వారి కిల్ టీమ్ అనే చిన్నపోరుకు 2018లో, 2021లో, 2024లో వరుసగా కొత్త కూర్పులు వచ్చాయి. బొమ్మలు అద్భుతంగానే చేస్తారు, కాదనను. కానీ మూడేళ్లకొకసారి వ్యాకరణం మారే భాషను ఎవరు నేర్చుకుంటారు? చిన్నయసూరి బాలవ్యాకరణానికి ప్రతి మూడేళ్లకు కొత్త ప్రతి కొనమంటే మా తరగతిలో సగంమంది బడి మానేసేవారు. నియమాలు ఒకచోట, బొమ్మలు ఒకచోట కొనుక్కునే స్వేచ్ఛ ఉన్నచోటనే ఆట ఆడేవాడి సొత్తవుతుంది.

మా వాడి ముఠాలో సగం పాత ప్లాస్టిక్ సైనికులు. తలలు కోసి, సీసామూతలు అతికించి, గగనచరులను చేశాడు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులు కాళ్లు అతికే పనివారు చూస్తే నవ్వుకుంటారు గాని, తప్పు పట్టరనుకుంటాను. రంగు వేసేటప్పుడు వాడు మూడుగంటలు కదలకుండా కూర్చుంటున్నాడు. పద్యం అప్పజెప్పమంటే మూడు నిమిషాలు కూర్చోని పిల్లవాడు!

లోపం లేదా? ఉంది. అంతా ఒకే ఇరవై ముఖాల పాచికమీద నడుస్తుంది. ఇద్దరూ వేస్తారు, ఎవరి బలం వారు కలుపుకుంటారు, పెద్ద సంఖ్య గెలుస్తుంది. రెండు మామూలు పాచికలు వేస్తే 36 విధాలలో 7 ఆరుసార్లు పడుతుంది, 12 ఒక్కసారే. అక్కడ మధ్యస్థానికి మర్యాద ఉంది. ఇరవై ముఖాల పాచికలో ఒకటికీ ఇరవైకీ నూటికి ఐదు పాళ్లే, భేదం లేదు. అందుకే అనామక భటుడు మహాయోధుడిని ఒక్క దెబ్బకు కూల్చగలడు. చదరంగం ఆడేవారికి ఇది అన్యాయంగా తోస్తుంది. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ కావాలన్నారు నిజమే. కానీ మూడు పులులకు పదిహేను మేకలను ఎదురునిలిపి పులిజూదం ఆడినవారమూ మనమే. నాకైతే ఈ అస్థిరత్వం పెద్ద అభ్యంతరం కాదు. నిజమైన కయ్యంలో మాత్రం దెబ్బ వంశవృక్షం చూసి తగులుతుందా?

ఇక మిత్రులొకరు నిలదీసిన మాట. ‘మాస్టారూ, జీవితమంతా పిల్లలకు శాంతి పాఠాలు చెప్పి, ఇప్పుడు మనవడితో యుద్ధం ఆడిస్తున్నారా?’ తేలికగా తోసివేయదగిన ప్రశ్న కాదిది. వైజ్ఞానిక కల్పనకు ఆద్యులలో ఒకడైన హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అని బొమ్మసైనికుల ఆటకు నియమాలు రాశాడు. స్ప్రింగు ఫిరంగితో చెక్కముక్కలు పేల్చి బొమ్మలను పడగొట్టడం అందులో ముఖ్యం. అసలు యుద్ధం ఎంత మూర్ఖమైనదో ఈ ఆట ఆడిచూస్తే తెలుస్తుందని ఆయన వాదన. మరుసటి ఏడే, 1914లో, ఐరోపా తగలబడింది. ఆట యుద్ధాన్ని ఆపలేదు. ఆపుతుందని నేనూ అనను.

అయితే ఒకటి చూశాను. స్టార్‌గ్రేవ్‌లో ఆట ముగియగానే కథ ముగియదు. కూలినవాడు చచ్చాడా, గాయపడ్డాడా, కోలుకున్నాడా అన్నది తరువాత మళ్లీ పాచిక తేలుస్తుంది. పోయినవాడు వచ్చే ఆటలో లేడు. మావాడు తన భటులందరికీ పేర్లు పెట్టుకున్నాడు. ‘వీరన్న’ అనేవాడు నాలుగు ఆటలు బతికి ఐదో ఆటలో పోయాడు. పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘తాతయ్యా, ఆ పెట్టె కోసం వాణ్ణి పంపకుండా ఉండాల్సింది’ అన్నాడు. కంప్యూటరు ఆటలో గంటకు వందమందిని కాల్చినప్పుడు వాడి నోట ఇలాంటి మాట నేనెన్నడూ వినలేదు. ఆ మిత్రుడికి నా సమాధానం ఇంతే. ఒప్పుకోవడం మానడం ఆయన ఇష్టం.

ప్రస్తుతం ముఠా వివరాల కాగితాన్ని తెలుగులో రాసుకుంటున్నాం. లూట్ అన్న మాట ఈ దేశం నుంచే ఇంగ్లీషులోకి పోయింది గనుక ‘లూటీ’గా వెనక్కి తెచ్చుకోవచ్చు, లేదా ‘కొల్లసొమ్ము’. కెప్టెన్‌కు ‘నాయకుడు’ సరిపోయింది. ఫస్ట్ మేట్ దగ్గర ఆగిపోయాం. ‘ఉపనాయకుడు’ ప్రభుత్వ కార్యాలయపు వాసన వేస్తోంది. గోదావరి లాంచీల ‘సరంగు’ నాకు నచ్చింది గాని, లాంచీ నడిపేవాడే సరంగు కదా, నాయకుడి పక్కవాడెలా అవుతాడని వాడి పేచీ. ఇంతకన్న మంచి మాట ఎవరికైనా తోస్తే చెప్పండి.