నిప్పు లేకుండానే మరిగే రసాయనం

వీధిలో ఘాటైన వాసన వస్తే కిటికీ తెరిచి, ఎక్కడినుంచా అని తొంగిచూస్తాం. ఒక్కోసారి ఈ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది.

ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ సంగతి చూడండి. చల్లగా ఉంచి, నిరోధక మందు కలిపినంతకాలం అది బుద్ధిగానే ఉంటుంది. ఆ మందు తగ్గి టాంకు వేడెక్కిందా, దాని అణువులు ఒకదానితో ఒకటి అతుక్కుంటూ ఇంకా వేడి పుట్టిస్తాయి. బయటి నిప్పుతో పనిలేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగింది ఇదే. 12 మంది చనిపోయారు. పారిపోతూ దారిలోనే స్పృహ తప్పినవారు ఎందరో.

ఈ ఆవిరి గాలికన్నా బరువు. పల్లంలో పేరుకుంటుంది. కనుక గాలివాలుకు అడ్డంగా, మెరక వైపు వెళ్ళండి. నేలమీద పడుకున్న పిల్లలను ముందు ఎత్తుకోండి. అగ్గిపుల్ల గీయకండి, ఆవిరి అంటుకుంటుంది. ముక్కుకు తడిగుడ్డ చాలదా అంటారేమో! స్టైరీన్ నీటిలో కరిగేది బహు స్వల్పం. గుడ్డ కోసం వెతుకుతూ ఆగకండి. మంటల్లో ఉన్న టాంకు పేలవచ్చు, చూడటానికి వెళ్ళకండి.

బయటపడ్డాక వాసన పట్టిన బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బుతో కడగండి. కళ్ళు మండితే 15 నిమిషాలు నీళ్ళు ధారగా పోయండి. గ్యాసు పీల్చినవారికి పాలు పట్టి మరీ మా దగ్గరికి తెస్తారు! స్పృహ లేనివారికి ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేయండి. ఆయాసం కొన్ని గంటల తరువాత కూడా రావచ్చు. బాగానే ఉందనిపించినా ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి.