వంశంలో పిచ్చి ఉందటగా?

మా పొన్నూరు, నిడుబ్రోలు వైపు పెళ్ళి సంబంధమనగానే కట్నం మాట తరువాత గుట్టుగా తీసే ఆరా ఒకటుంది: "వాళ్ళ వంశంలో పిచ్చి ఉందటగా?" ఈ భయంతోనే చెల్లెలి పెళ్ళి అయ్యేదాకా అన్నగారి జబ్బు దాచిపెడతారు. డాక్టరుకు చూపించరు. ఇది ఘోరమని నా అభిప్రాయం.

స్కిజోఫ్రెనియాలో వంశపారంపర్యం లేదని నేననను. ఉంది. మామూలుగా నూటికి సుమారు ఒకరికి వచ్చే ఈ జబ్బు, తల్లికో తండ్రికో ఉంటే బిడ్డల్లో నూటికి దాదాపు పదిమందికి రావచ్చు. మరి మిగిలిన తొంభైమంది సంగతి? జన్యువులు ఒకటిగా ఉన్న కవలల్లో సైతం ఒకరికి వస్తే రెండవవారికి వచ్చి తీరాలని లేదు. 2022లో శాస్త్రజ్ఞులు ఈ జబ్బుతో సంబంధమున్న 287 జన్యుస్థానాలను ప్రకటించారు. ఒక్కొక్కదాని ప్రభావం బహు స్వల్పం. అటువంటి మార్పులు కొద్దో గొప్పో అందరిలోనూ ఉంటాయి, ఆరా తీసే పెద్దమనిషితో సహా! (మేనరికాలప్పుడు మాత్రం మనవాళ్ళకు జన్యుశాస్త్రం గుర్తుకురాదు, అది వేరే సంగతి.) రోగుల్లో చాలామంది తల్లిదండ్రులకు అసలీ జబ్బే ఉండదు.

మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పెళ్ళిచూపులకు మాట్లాడుకున్న కారులో ముందు అన్నగారిని అక్కడికి తీసుకువెళ్ళండి.