తుఫానును చూడబోయేవారు తెలుసుకోవలసినవి



మన ప్రాంతంలో వరి కోతలూ తుఫానులూ ఒకే కాలంలో వస్తాయి. ఆకాశం మూసుకుని, ఈశాన్యం నుండి చలిగాలి మొదలైతే పిట్టలవానిపాలెం చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ సరిగా నిద్ర పట్టదు. తండ్రికి పొలంలో ఉన్న ఓదెల మీద ధ్యాస, తల్లికి ఇంటి కప్పు మీద ధ్యాస. ఈ మధ్య సంవత్సరాలలో వీటికి తోడు మరొక దిగులు వచ్చి చేరింది. పిల్లవాడు ఇంట్లో ఉన్నాడా, లేక ఫోను పట్టుకుని సముద్రం చూడబోయాడా?

2023 డిసెంబరు 5వ తేదీ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మిచాంగ్ తుఫాను ఆ మధ్యాహ్నం బాపట్లకు దగ్గరలో తీరం దాటింది. గాలి గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల వేగంతో వీచింది. కోసిన పంట నీట నానిపోయింది. ఆ ఉదయం మా సంఘంలోని యౌవనస్థులు ఇద్దరు, ఇంట్లో చెప్పకుండా, ఒకే మోటారు సైకిలు మీద సూర్యలంక వైపు బయలుదేరారు. అలలను ఫోనులో తీసి స్నేహితులకు పంపాలని వారి కోరిక.

వారు సముద్రం దాకా చేరనే లేదు. దారిలో ఒక చెట్టు ఎదుట కూలింది, వెనక్కు తిరిగితే మరొకటి అడ్డంగా పడింది. ఫోనులు పనిచేయలేదు. ఒక బడి వరండాలో సాయంత్రం దాకా నక్కి కూర్చుని, చీకటి పడ్డాక నడిచి ఇల్లు చేరారు. ఇద్దరికీ చిన్న గాయం కూడా లేదు. కాని వారిలో ఒకరి తండ్రి మధ్యాహ్నమే కొడుకును వెదుక్కుంటూ గాలిలోకి వెళ్ళారు. ఎక్కడినుండో ఎగిరివచ్చిన రేకు ఆయన భుజానికి తగిలింది. ఆయన కుడిచేయి నేటికీ భుజం ఎత్తుకు మించి లేవదు. నాట్లకూ కోతలకూ వెళ్ళి సంసారం నడిపిన మనిషి ఆయన.

ఆ తరువాత ఒక ఆదివారం యౌవనస్థుల కూటంలో ఆ కుర్రవాడే లేచి, “తుఫానును చూడాలనుకోవడం తప్పా?” అని అడిగాడు. పెద్దలము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. తప్పు అని చెప్పడం సులభమే. కాని రేపు మరొక తుఫాను వస్తుంది, మరొక కుర్రవాడు బయలుదేరుతాడు. చూడాలనే ఆసక్తిని అణచడం కంటే దానికి చదువు నేర్పడం మంచిదని తోచింది. వాతావరణ పరిశీలన పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయనను బ్రతిమాలాము. ఆయన ఒప్పుకున్నారు గాని కొన్ని షరతులు పెట్టారు. ఎనిమిదిమందికి మించకూడదు. ఇద్దరికి ఒక పెద్ద తోడుండాలి. తుఫాను లేని రోజునే బయటి పాఠం జరగాలి. 2024లో రెండు శనివారాలు ఈ పాఠం జరిగింది. మేమూ వెంట ఉన్నాము. అక్కడ నేర్చుకున్నవాటిని ఈ నెల మీతో పంచుకుంటున్నాము.

మొదట ఆయన అమెరికా సంగతి చెప్పారు. అక్కడి మైదానాలలో సుడిగాలులను వెంటాడి చూసేవారు ఉన్నారు. అనుభవజ్ఞులు చిన్న చిన్న బృందాలను వెంటబెట్టుకుని వెళ్ళి, ఎంత దూరంలో నిలవాలో, ఏ దారిన తప్పుకోవాలో నేర్పుతారు. అలాంటి చోట కూడా 2013 మే 31న ఓక్లహోమా రాష్ట్రంలోని ఎల్ రెనో దగ్గర టిమ్ సమారస్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన కుమారుడు పాల్, వారి సహచరుడు కార్ల్ యంగ్ సుడిగాలికి చిక్కి చనిపోయారు. ఏళ్ళ తరబడి ఆ పనిలోనే ఉన్నవారు వారు. ఆ రోజు సుడిగాలి 4 కిలోమీటర్లకు మించిన వెడల్పుకు పెరిగి, ఉన్నట్టుండి దారి మార్చింది.

“మన తుఫాను వేరు” అన్నారు ఆయన. “సుడిగాలి కొద్ది నిమిషాలుంటుంది, పక్కకు తప్పుకోవచ్చు. మన తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పు. దానిని వెంటాడే పని లేదు, అదే మన ఇంటికి వస్తుంది. మీరు నేర్చుకోవలసింది అది ఎటునుండి వస్తున్నదో చూడడం, అది రాకముందే నిలవవలసిన చోట నిలవడం.”

మొదటి పాఠం చర్చి ఆవరణలోనే. వార్తలలో వినే మాటలకు కొలతలు చెప్పారు. గాలి గంటకు 31 నుండి 50 కిలోమీటర్లుంటే వాయుగుండం. 51 నుండి 61 దాకా తీవ్ర వాయుగుండం. 62 చేరితే తుఫాను అని పేరు పెడతారు. 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. నిజాంపట్నం రేవులో ఎగురవేసే ప్రమాద సంకేతాలు కూడా పిల్లలచేత వ్రాయించారు. ఒకటి, రెండు నంబర్లు దూరపు సముద్రంలో గాలివాన ఉన్నదని చెబుతాయి. మూడు, నాలుగు రేవుకే జాగ్రత్త చెబుతాయి. ఐదు నుండి ఏడు ప్రమాదం, ఎనిమిది నుండి పది మహాప్రమాదం. పదకొండో నంబరు వచ్చిందంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. మచిలీపట్నంలో వాతావరణ రాడారు ఉంది, విశాఖపట్నంలో తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది. సముద్రం మీద ఏమి జరుగుతున్నదో వారు చూస్తూనే ఉంటారు. అలలు ఎంత ఎత్తు లేచాయో తెలుసుకోవడానికి మన పిల్లవాడు తీరానికి పోనక్కరలేదు.

రెండవ పాఠం పొలం గట్టు మీద. అందరినీ గాలికి వీపు పెట్టి నిలబడమన్నారు. “ఎడమచేయి చాపండి. తుఫాను ఉన్నప్పుడైతే దాని నడిబొడ్డు సుమారుగా ఆ వైపున ఉంటుంది” అన్నారు. మన భూగోళార్ధంలో తుఫాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది గనుక ఈ లెక్క కుదురుతుంది. గాలి ఉత్తరం నుండి వస్తుంటే తుఫాను తూర్పున ఉన్నది. ఈశాన్యం నుండి వస్తుంటే ఆగ్నేయాన ఉన్నది. గంట గంటకూ వ్రాసుకుంటే మరొక సంగతి తెలుస్తుంది. గాలి ఈశాన్యం నుండి తూర్పుకు, అక్కడినుండి ఆగ్నేయానికి తిరిగితే తుఫాను మనకు దక్షిణంగా పోతున్నది. అప్పుడు గాలి సముద్రాన్ని మన మీదికి తోస్తుంది. ఉత్తరం నుండి వాయవ్యానికి, పడమరకు తిరిగితే అది మనకు ఉత్తరంగా దాటుతున్నది.

ఈ మాట విన్నాక 1977 సంగతి మాకు కొత్తగా అర్థమయింది. ఆ నవంబరు 19న తుఫాను చీరాల, నిజాంపట్నం తీరంలోనే గట్టెక్కింది. కాని దాని కుడివైపున ఉన్న దివిసీమను సుమారు 5 మీటర్ల ఉప్పెన ముంచింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. కుడివైపు గాలి నీటిని నేలమీదికి తోస్తుంది, లోతు తక్కువైన తీరం ఆ నీటిని పైకి ఎత్తుతుంది.

గాలి ఒక్కసారిగా నిలిచిపోయినా బయటికి రాకూడదని ఆయన మరీ మరీ చెప్పారు. అది తుఫాను కన్ను కావచ్చు. కొంతసేపటి ప్రశాంతత తరువాత ఎదుటి దిక్కునుండి అంతే గాలి కొడుతుంది. గోడలు అప్పటికే కదిలి ఉంటాయి. తుఫాను తగ్గిందనుకుని గొడ్లను చూడబోయినవారు ఆ రెండవ గాలికి దొరికిపోతారు.

పిడుగు సంగతి కూడా పొలంలోనే చెప్పారు. మెరుపు కనిపించగానే లెక్క మొదలుపెట్టాలి. ఉరుము వినిపించేలోగా మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం. ముప్పై అంకెలు లెక్కించక ముందే ఉరిమితే పని ఆపి పక్కా ఇంట్లోకి చేరాలి. చెట్టు కింద నిలబడరాదు. చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రాకూడదు. పిడుగులను ముందుగా తెలిపే దామిని అనే యాప్‌ను ఫోనులో ఎలా చూడాలో అందరికీ చూపించారు.

మూడవ పాఠం సూర్యలంకలో. ఎండ కాస్తున్న రోజు, సముద్రం నిమ్మళంగా ఉంది. మేము తీసుకువెళ్ళిన 5 మీటర్ల వెదురు గడను ఇసుకలో నిలబెట్టించారు. గడ చివర ఎర్రగుడ్డ కట్టారు. “1977లో నీరు దివిసీమలో ఇక్కడికి వచ్చింది” అన్నారు. పిల్లలు తలలెత్తి ఆ గుడ్డ వైపు చూశారు. ఒకడు ఫోను తీసి ఫోటో తీయబోయి, ఎందుకో జేబులో పెట్టుకున్నాడు. తిరుగు ప్రయాణంలో రోడ్డు పొడవునా వారి చేతనే చెట్లు, కరెంటు తీగలు, కల్వర్టులు, మురుగు కాలువ గట్లు లెక్క వ్రాయించారు. మిచాంగ్ రోజున తాము చిక్కుకున్న చోట ఆ ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. ముందూ వెనుకా చెట్లు, పక్కకు పోవడానికి వేరే దారి లేదు.

నాలుగవ పాఠం మమ్మల్ని ఎక్కువగా కదిలించింది. మా సంఘంలో ఒంటరిగా ఉండే ఒక వృద్ధురాలున్నారు. ఒక గేదె ఆమె ఆధారం. ఆమెను రేకుల ఇంటినుండి గట్టి డాబాకు చేర్చడానికి ఎంతసేపు పడుతుందో చూడమన్నారు. పిల్లలు ఇరవై నిమిషాలన్నారు. నిజంగా పట్టింది గంటా పది నిమిషాలు. గేదె లేకుండా రానని ఆమె పట్టుబట్టారు. మందుల సంచి కనబడలేదు. ఆధార్ కార్డు పెట్టెలో అడుగున ఉంది. వీల్‌చైరు మట్టి దారిలో దిగబడింది. “ఇది గాలి లేని రోజు” అని మాత్రం అన్నారు మా గురువుగారు.

ఆ సాయంత్రం ఆ అమ్మగారు తన చిన్ననాటి సంగతి చెప్పారు. 1977లో వారి ఊళ్ళో రేడియో ఉన్న ఇళ్ళు రెండో మూడో. దేవుడు చూసుకుంటాడని పెద్దలు ఇంట్లోనే కూర్చున్నారు. “దేవుడు చూసుకుంటాడు నాయనా, కాని ముందుగా చెప్పి పంపితే మనం లేవాలి గదా” అన్నారు. ముందుగా లేస్తే ఏమవుతుందో 1990లో చూశాము. ఆ మే 9న కృష్ణా ముఖద్వారం ప్రాంతంలో తీరం దాటిన తుఫాను బలంలో 1977కు తీసిపోనిది. కాని లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. మరణాలు వెయ్యికి లోపే ఆగాయి. ఆ వెయ్యి ఇళ్ళవారికి అది చిన్న సంఖ్య కాదు. అయినా తేడా ఎక్కడ ఉందో కనబడుతున్నది.

ఇక మీ ఊళ్ళో చేయదగినవి చెబుతాము. ఎనిమిది పదిమంది చాలు. తుఫాను లేని రోజున నడిచి చూడండి. ఒంటరివారు, గర్భిణులు, మంచాన ఉన్నవారు ఏ ఇళ్ళలో ఉన్నారో ఒక కాగితం మీద వ్రాయండి. ఎవరిని ఎవరు తీసుకురావాలో పేర్లు పెట్టండి. గొడ్లకు కూడా ఒక మెరక చోటు అనుకోండి. తుఫాను వచ్చేటప్పుడు వాటి పలుపులు విప్పండి. చర్చి గదా అని పాత కప్పు కింద జనాన్ని చేర్చకండి, మేస్త్రీకి చూపించి గట్టిదని తేలితేనే చేర్చండి. పారే నీరు మోకాలి లోతున్నా దాటకండి. జిల్లా కంట్రోల్ రూము నంబరు 1077, రాష్ట్రానిది 1070, అత్యవసరానికి 112. వీటిని గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాయించండి. గాలి మొదలయ్యాక ఎవరూ ఎవరినీ వెదకబోకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. అలా ఒప్పుకోవాలంటే ఎవరు ఎక్కడున్నదీ ఇంట్లో తెలిసి ఉండాలి.

2025 అక్టోబరులో మోంథా తుఫాను వచ్చింది. 27వ తేదీనే వృద్ధురాలిని, ఆమె గేదెను డాబాకు చేర్చారు. ఈసారి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. 28వ తేదీన ఆ ఎనిమిదిమందీ డాబా లోపలే ఉండి, కిటికీ సందులోనుండి ఎదుటి ఇంటి మీది గుడ్డ పీలికను చూస్తూ అరగంటకొకసారి గాలి దిక్కు నోటుబుక్కులో వ్రాశారు. ఉదయం ఉత్తరపు గాలి. సాయంత్రానికి వాయవ్యం. రాత్రి పొద్దుపోయాక పడమర. తుఫాను మనకు ఉత్తరంగా దాటుతున్నదని వారు చెప్పారు. ఆ రాత్రే అది నరసాపురం ప్రాంతంలో తీరం దాటిందని తరువాత వార్తలలో విన్నాము.

భుజం దెబ్బతిన్న ఆ తండ్రి కూడా అక్కడే ఉన్నారు. కొడుకు ప్రక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నారు. దీపం వెలుగులో కుర్రవాడు వ్రాసుకుంటుంటే, నిద్రలోకి జారిపోతూ కూడా ఆయన మధ్యమధ్య కళ్ళు తెరచి, “ఇప్పుడు ఎటు వీస్తున్నదిరా?” అని అడుగుతూనే ఉన్నారు. వాడు ప్రతిసారీ చెబుతూనే ఉన్నాడు.