విందునందు కడపటి విస్తరి



ఇంట విందు జరిగిన మరునాడు ఇరుగుపొరుగువారు వంటకముల సంఖ్యను, వాని రుచిని చెప్పుకొందురు. కడపటి పంక్తిలో నెవరు కూర్చుండిరి, వారి విస్తరిలో నేమి మిగిలెను అని విచారించువారు అరుదు. తెల్లవారకమునుపే పొయ్యి వెలిగించిన యిల్లాలు మధ్యాహ్నము మూడు గంటలకు చల్లారిన అన్నమును, అడుగున మిగిలిన పప్పును తినుచున్నచో ఆ విందు సఫలమైనదని యెట్లు చెప్పగలము?

నంద్యాల జిల్లాలోని చాగలమర్రి వంటి యూర దీనిని మఱింత ఆలోచింపవలెను. కర్నూలు-కడప రహదారిపై నున్న యూరగుటచే ఆళ్లగడ్డనుండియు, మైదుకూరునుండియు బంధువులు వేర్వేరు బస్సులలో వేర్వేరు వేళలకు వత్తురు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట కలదు. వంట అంతయు ఉదయమే ముగించి యుంచినచో చెడిపోవును. ఆలస్యము చేసినచో వచ్చినవారు ఆకలితో వేచియుందురు.

కావున మొదట అతిథుల సంఖ్యను నిర్ణయించుకొని, వంటకములను కొలదిగా నేర్పరచుకొనవలెను. భక్ష్యాలు, చిత్రాన్నము, గుత్తివంకాయ, పప్పు, చారు, పెరుగు ఉన్నచో మన సీమలో నిండు భోజనమే. ఇరువదిమందికి చిత్రాన్నముతో కలిపి 2½ కిలోల బియ్యము చాలును. ఒక కిలో శనగబేడలు, ఒక కిలో బెల్లము పూర్ణమునకు వాడినచో తలకు రెండు భక్ష్యాలు వచ్చును. ఆ పూర్ణమును ముందునాటి సాయంకాలమే రుబ్బి ఫ్రిజ్జులో నుంచుకొన్నచో విందునాడు సగము శ్రమ తగ్గును. చెనిక్కాయల పొడియు ముందే కొట్టి యుంచుకొనవచ్చును.

అన్నమును మాత్రము ఒకేసారి వండరాదు. మొదటి పంక్తి కూర్చుండగనే రెండవ యెసరు పెట్టవలెను. వండిన పదార్థమును బయట రెండు గంటలకు మించి యుంచుట హానికరము. తీవ్రమైన యెండలో ఒక గంటయే హద్దు. నిలువయుంచిన అన్నమునందు పుట్టు విషము మరల వేడి చేసినను నశింపదు. రెండవ యెసరు వలన ఈ యపాయము తప్పును. కడపటి విస్తరికిని వేడియన్నము దక్కును.

పిలుచునపుడే ఆహారనియమములు అడిగి తెలిసికొనుట మర్యాద. చక్కెరవ్యాధి యున్న పెద్దమ్మగారికి తీపిలేని వంటకము వేరుగా నుండవలెను. రంజాను మాసమున పొరుగింటి ముసల్మాను సోదరిని పిలువదలచినచో సూర్యాస్తమయము పిదప పిలువవలెను.

ఇక వడ్డన మాట. వండినవారే వడ్డింపవలెనను నియమ మేదియు లేదు. పెండ్లిపందిళ్లలో చురుకుగా వడ్డించు పురుషులు తమ యింట మాత్రము విస్తరి ముందునుండి లేవకుండుట యేల? ఈ మాట భర్తతోను, ఎదిగిన కుమారులతోను విందుకు రెండుదినములు ముందే చెప్పి, నీరు ఎవరు పోయవలెనో, అన్నము ఎవరు వడ్డింపవలెనో పంచియుంచుడు. అతిథుల యెదుట చెప్పినచో నొచ్చుకొందురు.

మొదటి పంక్తి లేచిన పిదప గృహిణియు, సాయమునకు వచ్చిన స్త్రీయు అతిథులతో కలిసి రెండవ పంక్తిలో కూర్చుండవలెను. వారి విస్తళ్లలోను రెండేసి భక్ష్యాలు, పైన నెయ్యి పడవలెను. మీ యింట రాబోవు విందుకు సరకుల పట్టిక వ్రాయునపుడు అతిథుల లెక్కలో మొదట మీ పేరు వ్రాసికొనుడు.