బెత్తానికీ సాష్టాంగానికీ మధ్య

2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట గ్రామంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఒక ప్రధానోపాధ్యాయుడు పిల్లలందరి ముందు సాష్టాంగపడ్డారు. లేచి, చెవులు పట్టుకుని గుంజీలు తీశారు. పిల్లలు చదవడం లేదు, కొట్టే వీలు లేదు, అందుకని శిక్ష తానే వేసుకుంటున్నానన్నది ఆయన బాధ. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ కూడా ఆయన్ని మెచ్చుకున్నారు.

మన వీరులపాడులో టీ కొట్టు దగ్గర ఆ వీడియో చూసినవాళ్ళు రెండు జట్లయ్యారు. "పంతులు చేతిలో బెత్తం లాగేసుకుంటే ఇంతే మరి" అని పెద్దవాళ్ళు. "ఎంత మంచి మాస్టారో" అని కుర్రవాళ్ళు. నాకు మాత్రం గుండె బరువెక్కింది. కొట్టడం, లేకపోతే కాళ్ళమీద పడటం. ఈ రెంటికీ మధ్య ఇంకేమీ లేదని మనం పిల్లలకూ పంతుళ్ళకూ నేర్పేశామా? ఆ మధ్యనున్న చోటుకే కదా బోధన అని పేరు!

కఠినంగా చెప్పడం, తిట్టడం, కొట్టడం, పదిమందిలో పరువు తీయడం ఎప్పుడైనా సమర్థనీయమేనా అన్న ప్రశ్న మన మెట్ట ప్రాంతానికి దూరపు సంగతి కాదు. వీరులపాడు, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళలో పదో తరగతి పాసైన పిల్లల్లో చాలామంది పెట్టె, బకెట్టు సర్దుకుని విజయవాడ హాస్టళ్ళకు వెళతారు. పత్తి, మిర్చి డబ్బులు ఫీజులైపోతాయి. దింపి వచ్చేటప్పుడు తండ్రి వార్డెన్‌తో అనే మాట తరతరాలుగా ఒకటే. కళ్ళు రెండూ వదిలిపెట్టి తోలు తీయండి, మేమేమీ అనుకోము.

ఆ మాటకు వయసు చాలా ఉంది. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ వీధిబడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక రాశాడు. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా ఒక్కొక్కటీ పెరుగుతూ పోయేది. చదవనివాడి రెండు చేతులూ కట్టి ఇంటి కప్పుకు వేలాడదీసేవారు. మన తాతలు కోదండం అన్నది దీన్నే. గుంజీళ్ళ గురించి కూడా రాశాడాయన, బాధాకరమే గానీ ఒంటికి మంచిదేమో అన్న ధోరణిలో. నన్ను ఆపేసింది ఆ వరుస క్రమం. ఇరవయ్యో పిల్లవాడు ఏం తప్పు చేశాడు? ఎవరో ఒకరు ఇరవయ్యోవాడు కాక తప్పదు కదా. వరుసలో వెనకపడటాన్నే నేరం చేసిన ఆ పద్ధతి, గోడకు అంటించే ర్యాంకుల లిస్టుగా ఇప్పటికీ మనతోనే ఉంది.

మొన్న సంక్రాంతికి వీరులపాడు మండలంలోనే ఒక ఊరికి వెళ్ళాను. పేరు చెప్పను. ఇంటర్ మొదటి ఏడాది చదువుతున్న పిల్లవాడు సెలవులకు వచ్చాడు. వాళ్ళకు నాలుగు గేదెలున్నాయి. చిన్నప్పుడు వాడు బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ అరుగు మీద పడేసి చావిట్లోకి పరిగెత్తేవాడు. దూడకు పేరు పెట్టింది కూడా వాడే. ఈసారి తెల్లవారుజామున వాళ్ళమ్మ పాలు పితికి క్యాను కేంద్రానికి ఇచ్చి రమ్మంటే కదల్లేదు. దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగి పడుకున్నాడు. "ఏం చదువుతున్నాడో గానీ అన్నయ్యా, చావిట్లోకి రావట్లేదు" అందామె.

సాయంత్రం చెరువు గట్టు మీద నడుస్తూ మెల్లగా చెప్పాడు. వీకెండ్ ఎగ్జామ్‌లో మార్కులు తగ్గినప్పుడల్లా లెక్చరర్ వాణ్ణి నిలబెట్టి "గేదెలు కాసుకో పో" అంటాడట. సెక్షనంతా నవ్వుతుంది. ఆ తర్వాత సెక్షన్ మార్చారు, కింది సెక్షన్‌కి. అక్కడ ఆ మాట రోజూ వినపడేదేనట.

ఒంటి మీద దెబ్బ పడలేదు, నిజమే. కానీ ఆ ఒక్క మాట ఎన్ని చోట్ల తగిలిందో చూడండి. వాడి ఫీజు కట్టింది ఆ గేదెల పాలే. వాళ్ళమ్మ నాలుగింటికి లేచేది ఆ గేదెల కోసమే. వాడు బాగా ప్రేమించిన పని ఒకటుంటే అదీ అదే. భౌతికశాస్త్రం వాడికి ఎంత వచ్చిందో నాకు తెలియదు గానీ, అమ్మ చేసే పని చూసి సిగ్గుపడటం మాత్రం నేర్చుకుని వచ్చాడు. ఏ ర్యాంకు వస్తే ఆ నష్టం పూడుతుంది?

ఆ లెక్చరర్ని రాక్షసుడిగా చూపడం నా ఉద్దేశం కాదు. మన భాగవతంలోనే దీనికి పోలిక ఉంది. ప్రహ్లాదుడికి చదువు చెప్పిన చండామార్కులను గుర్తు తెచ్చుకోండి. పిల్లవాడు తాము చెప్పిన పాఠం అప్పజెప్పనప్పుడు వాళ్ళు గద్దించారు, బెత్తం తెమ్మన్నారు. వాళ్ళ కోపమంతా భయంలోంచి పుట్టింది. సింహాసనం మీద హిరణ్యకశిపుడున్నాడు, పిల్లవాడి చదువు ఎంతవరకు వచ్చిందని అడుగుతాడు. కార్పొరేట్ క్యాంపస్‌లో సెక్షన్ సగటు పడిపోతే లెక్చరర్ని డీన్ అడుగుతాడు, డీన్‌ని పైవాళ్ళు అడుగుతారు. పైనుంచి జారిన భయం చివరికి పదహారేళ్ళ పిల్లవాడి నెత్తిన తిట్టుగా పడుతుంది. అందుకే ఒక్క లెక్చరర్ని సస్పెండ్ చేసి చేతులు దులుపుకుంటే ఈ జబ్బు నయం కాదు.

మరి కఠినత్వమే వద్దా? ఇక్కడ నా మాటకు గట్టి పరీక్ష పెట్టగలవాడు పుల్లెల గోపీచంద్. 2001 ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత, గచ్చిబౌలి అకాడమీ స్థాపకుడు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు పి.వి. సింధు ఫోన్ మూడు నెలలు తన దగ్గర పెట్టుకున్నాడు. ఐస్‌క్రీమ్ మాన్పించాడు. కోర్టులో నోరు విప్పని ఆ అమ్మాయిని అకాడమీలో అందరి ముందు నిలబెట్టి గట్టిగా అరవమన్నాడు. అరిచేదాకా రాకెట్ పట్టుకోనివ్వనన్నాడు. ఆమె ఏడ్చింది, చివరికి అరిచింది. రియోలో వెండి పతకం వచ్చింది. ఇది చూపించి "చూశారా, అలా ఉండాలి కోచ్ అంటే" అనేవాళ్ళు మన మధ్య చాలామందే ఉన్నారు.

నేనూ చాలా రోజులు ఆలోచించాను. పదిమంది ముందు నిలబెట్టి ఏడిపించడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అయినా ఆ కోర్టుకూ మన పిల్లవాడి క్లాసుకూ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సింధు అప్పటికే ప్రపంచ చాంపియన్‌షిప్ పతకాలు గెలిచిన క్రీడాకారిణి. ఏం కావాలో ఆమెకు తెలుసు, ఎందుకు అరవమంటున్నారో తెలుసు. పక్కన వాలీబాల్‌లో అర్జున అవార్డు అందుకున్న తండ్రి రమణ ఉన్నాడు. వద్దనుకుంటే వెళ్ళిపోగలదు. ఆ తర్వాతి కాలంలో నిజంగానే కోచ్‌ని మార్చుకుంది, 2021లో టోక్యోలో కంచు పతకం గెలిచినప్పుడు పక్కనున్నది కొరియా కోచ్ పార్క్ టే సాంగ్. అన్నిటికన్నా ముఖ్యం, గోపీచంద్ ఆమెలో లేని లోపాన్ని ఎత్తి చూపలేదు, ఆమె పుట్టుకనూ ఇంటినీ అనలేదు. ఆమెలో దాగిన గొంతు బయటికి రావాలన్నాడు. నీకు ఇంకా చాతవుతుందన్న నమ్మకం ఆ కరుకుదనం వెనక ఉంది. "గేదెలు కాసుకో పో" అన్న మాటలో నీకు చాతకాదన్న తీర్పు ఉంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి క్రమశిక్షణ అనడం మనం చేస్తున్న పెద్ద పొరపాటు.

నాకు చిన్నప్పుడు ఇద్దరు మాస్టార్లు. ఒకాయన ఎక్కం తప్పితే చింతబరికెతో పిక్కల మీద కొట్టేవారు. పదమూడో ఎక్కం దగ్గర నా నాలుక ఇవాళ్టికీ తడబడుతుంది. ఇంకొకాయన చెయ్యి ఎత్తలేదు, గొంతూ పెంచలేదు. లెక్క తప్పు చేస్తే మార్జిన్‌లో ఎర్ర సిరాతో "మళ్ళీ" అని రాసి నోటుబుక్కు తిరిగిచ్చేవారు. ఒక లెక్కకు ఐదుసార్లు, ఏడుసార్లు తిరిగిచ్చిన రోజులున్నాయి. లాంగ్ బెల్ కొట్టాక కూడా బడి వరండాలో కూర్చునేవారు, మాకు వచ్చేదాకా. చీకటి పడితే లాంతరు తెప్పించేవారు. ఇద్దరిలో ఎవరు కఠినులని అడిగితే నేను రెండో ఆయన పేరే చెబుతాను. ఆ కఠినత్వానికి ఖర్చు ఆయన సాయంత్రాలు. బరికె దెబ్బకు అర నిమిషం చాలు.

కొట్టకపోతే చదువు రాదన్న నమ్మకం ఎంత లోతుగా ఉందో అంకెల్లో చూడొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో దండనను 2002లోనే నిషేధించింది. అదే ఏడాది మన రాష్ట్రంలో దాదాపు 3,000 మంది పిల్లలతో మొదలైన 'యంగ్ లైవ్స్' అధ్యయనం వాళ్ళు పెరుగుతుంటే వెంట నడిచింది. 2009లో ఎనిమిదేళ్ళ పిల్లల్ని అడిగితే, గడిచిన వారంలో టీచరు ఎవరినో ఒకరిని కొట్టడం చూశామని పదిమందిలో తొమ్మిది మందికి పైగా చెప్పారు. బడి ఎందుకు నచ్చదంటే అన్నిటికన్నా ఎక్కువగా వాళ్ళు చెప్పిన కారణం కూడా బడిలోని హింసే. నిషేధం వచ్చిన ఏడేళ్ళకు ఇదీ పరిస్థితి. తర్వాత 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. కానీ ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు. ఒత్తిడి కొండంతయ్యే ఇంటర్ వయసుకు అది అందదు.

ఆ ఖాళీని కొంతవరకు పూడ్చింది సుప్రీంకోర్టు. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న 17 ఏళ్ళ అమ్మాయి మరణించిన కేసులో జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా 2025 జులై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చారు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని, వారిలో 2,248 మంది మరణాలకు పరీక్ష తప్పడమే కారణంగా నమోదైందని ఆ తీర్పులో ఉంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, పదిమందిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలని కోర్టు చెప్పింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత కలిగిన కౌన్సెలర్ ఉండాలంది. ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ వేయాలంది. బడులు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, అన్నిటికీ ఇవి వర్తిస్తాయి. శాసనం వచ్చేదాకా ఇదే చట్టం. అవమానం బోధనా పద్ధతి కాదని దేశ అత్యున్నత న్యాయస్థానం ఇంత స్పష్టంగా చెప్పాక, స్టార్ బ్యాచ్, కింది సెక్షన్ అన్న విభజనకు నిలబడే ఆధారం లేదు.

వీరులపాడు మండలం పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, 2021 డిసెంబరులో ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూళ్ళ, కోచింగ్ సెంటర్ల ఉక్కిరిబిక్కిరి వాతావరణంలో పిల్లల ఎదుగుదల వయసు గడిచిపోతోందని ఆవేదన పడ్డారు. ఆయన ఊరి చుట్టుపక్కల పిల్లలు కూడా ఆ వాతావరణానికే బస్సెక్కుతున్నారు.

"మేం తన్నులు తిన్నాం కాబట్టే ఇంతటివాళ్ళమయ్యాం" అన్న వాదన ఇంకా మిగిలే ఉంది. పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో ఈ మాట చెప్పి, కొట్టిన మాస్టారికి శాలువా కప్పుతారు. ఆ ప్రేమను నేను కాదనను. కానీ ఆ సమ్మేళనానికి ఎవరు రాలేదో ఎప్పుడైనా లెక్క పెట్టామా? ఏడో తరగతిలో దెబ్బలకు జడిసి బడి మానేసి మిర్చి కోతలకు పోయిన నా క్లాస్‌మేట్ ఏ వేదిక మీదా మాట్లాడలేదు. అతనికి ఎవరూ మైకు ఇవ్వలేదు. గెలిచినవాళ్ళ నోట విన్న సాక్ష్యంతోనే మనం ఇన్నేళ్ళు తీర్పు రాస్తూ వచ్చాం. ఇది మన ఒక్క చోటే కాదు. జపాన్‌లో 1947 చట్టమే బడిలో కొట్టడాన్ని నిషేధించింది. అయినా 2012 డిసెంబరులో ఒసాకా సకురనోమియా హైస్కూలు బాస్కెట్‌బాల్ కెప్టెన్, 17 ఏళ్ళ కుర్రవాడు, కోచ్ దెబ్బల తర్వాత ప్రాణం తీసుకున్నాక గానీ ఆ దేశం ఉలిక్కిపడలేదు. గెలిచే జట్టు కదా అని అప్పటిదాకా అందరూ ఊరుకున్నారు.

నా తీర్పు ఇది. పని విషయంలో ఎంత కఠినంగానైనా ఉండొచ్చు. ఏడుసార్లు రాయించండి, తెల్లవారుజామున పరిగెత్తించండి, ఫోన్ తీసి పక్కన పెట్టించండి. ఎందుకో పిల్లవాడికి చెప్పండి, మీరూ పక్కన కూర్చోండి. పిల్లవాడి మనిషితనం మీద, వాడి ఇంటి మీద, కులం మీద, ఒంటి మీద చెయ్యి గానీ నోరు గానీ వేయడానికి ఏ ర్యాంకూ, ఏ పతకమూ అనుమతి ఇవ్వదు.

పదో తరగతి పరీక్షలు కాగానే కాలేజీల పీఆర్వోలు రంగు కాగితాలు పట్టుకుని మళ్ళీ మన ఊళ్ళకు వస్తారు. ఎన్ని ర్యాంకులొచ్చాయో వాళ్ళే చెబుతారు, అడగనక్కర్లేదు. మీరు ఈ మూడు మాత్రం అడగండి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీస్తారా? కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు? పోయినేడు మధ్యలో ఇంటికొచ్చేసిన పిల్లలెంతమంది? జవాబు రాకపోతే అడ్వాన్సు కట్టకండి. జిల్లాలో కలెక్టర్ కమిటీ పనిచేస్తోందో లేదో అర్జీ పెట్టి అడగండి. దింపి వచ్చేటప్పుడు మాత్రం తోలు తీయమని వార్డెన్‌తో ఎవరూ అనకండి. పిల్లవాడు పక్కనే నిలబడి వింటుంటాడు.