డప్పుకు క్లాసు రూములో చోటేది?



యూనివర్సిటీ అంటే పుస్తకాలు, పరీక్షలు అనుకుంటాం. కానీ అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో డోలుకూ తరగతి ఉంది. విద్యార్థులు బృందంగా చేరి ఆఫ్రికా డోళ్లు, కరీబియన్ దీవుల స్టీల్ పాన్ లాంటివి నేర్చుకుంటారు. దానికి మార్కులుంటాయి.

స్టీల్ పాన్ కథ మనవాళ్లందరూ తెలుసుకోవాలి. ట్రినిడాడ్ దీవిలో బానిసల సంతతివాళ్లు వాయించే డోళ్ల మీద 1880లలో బ్రిటిష్ పాలకులు చట్టంతో ఆంక్షలు పెట్టారు. వాళ్లు వెదురు బొంగులు నేలకేసి కొట్టి దరువు నిలుపుకున్నారు. 1930, 40లలో బిస్కెట్ డబ్బాలు, తర్వాత ఖాళీ ఆయిల్ డ్రమ్ములు సాగగొట్టి స్వరాలు పలికించారు. చాలాకాలం వాళ్లను రౌడీలుగానే చూశారు. అదే వాయిద్యానికి 1973లో నార్తర్న్ ఇల్లినాయ్ యూనివర్సిటీలో విద్యార్థి బృందం ఏర్పడింది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్ పాన్ దినంగా ప్రకటించింది.

వాయిద్యం ఒక్కటే లోపలికి వస్తే చాలదు. వాయించేవాడు గురువుగా రావాలి. ఘనా దేశపు డోలు కళాకారుడు అబ్రహాం అడ్జెన్యా 1969 నుంచి 2016 దాకా వెస్లియన్ యూనివర్సిటీలో పాఠం చెప్పారు. అక్కడి రిహార్సల్ హాలుకు ఆయన పేరే పెట్టారు.

ఇక మన సంగతి. మా నాన్న డప్పు వాయిస్తాడు. చావుకూ జాతరకూ పిలుపు వస్తుంది గానీ, వచ్చి కూర్చోమనే మాట రాదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. "ఇది నాతోనే పోనీ, నువ్వు పుస్తకం పట్టు" అంటాడు నాన్న. డప్పు వదిలేస్తేనే గౌరవం అనే అన్నలు మన హాస్టల్లోనూ ఉన్నారు. వెట్టికి కొట్టిన తరానికి ఆ కోపం న్యాయమే. కానీ అవమానం తోలులో లేదు, కొట్టించినవాళ్ల చూపులో ఉంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా అదే డప్పును హక్కుల గొంతుగా మార్చలేదా?

కాలేజీల్లో ఊరేగింపు ముందు డప్పును నడిపిస్తారు. ఊరేగింపు అయిపోగానే పంపేస్తారు. నేను అడిగేది మూడు మాటలు. డప్పు మార్కులున్న సబ్జెక్టు కావాలి. డిగ్రీ లేకపోయినా ఊరి కళాకారుణ్ణి జీతమిచ్చి గురువుగా పిలవాలి. అన్ని కులాల పిల్లలూ నేర్చుకోవాలి. మన పిల్లలకే నేర్పితే అది మళ్లీ కులవృత్తే అవుతుంది. దరువుతో పాటు దాని వెనకున్న వెట్టి చరిత్ర కూడా పాఠంలో ఉండాలి. లేకుంటే మన చప్పుడు తీసుకుని మనల్ని బయటే నిలబెట్టినట్టవుతుంది.

అప్పటిదాకా మనం ఊరుకోనక్కర్లేదు. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు పెద్దవాళ్ల దగ్గర కూర్చుందాం. పెళ్లికేది, చావుకేది, జాతరకేది అని ఒక్కో దరువూ అడిగి నేర్చుకుందాం, సెల్‌ఫోన్‌లో రికార్డు చేద్దాం. రేపు సిలబస్ రాసే కుర్చీలో మనవాళ్లు కూర్చుంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా!